అడగని పిల్ల

మందాకిని మేడమ్ క్లాసులో చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పేది ఒక్కటే: రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం. పుస్తకాలూ సిద్ధాంతాలూ ఆ తర్వాతే. గోదావరి జిల్లాల్లోని ఆ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్య విభాగమంటే మిగతా విభాగాలవాళ్ళకి అసలే చిన్నచూపు. ఈ చేతుల సంగతి తెలిశాక నవ్వులాట కూడా తోడైంది. "ఏమ్మా, ఇవాళ ఎవరి చేతులు తిమ్మిరెక్కాయి?" అని కాంటీన్‌లో ఆ అమ్మాయిల్ని ఏడిపించేవారు.

నవ్వేవాళ్ళకేం తెలుసు! మాట రాని పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, మధ్యలో బిస్కెట్ల డబ్బా పెట్టి మూత గట్టిగా బిగిస్తారు. పిల్ల డబ్బా లాక్కుంటుంది, మూత రాదు. ఎదురుగా ఉన్న టీచరమ్మ చేతులు ఊరుకోవు. అయ్యో పాపం అనుకుంటూ వాటంతటవే లేచి మూత తీసేస్తాయి. అప్పుడు పిల్లకి బిస్కెట్ దొరుకుతుంది, పాఠం పోతుంది. చూపుతోనో, వేలితోనో, గొంతులో ఒక మూలుగుతోనో పిల్ల 'తియ్యి' అని అడిగేదాకా ఆగాలి. అడిగిన మరుక్షణం తీసెయ్యాలి. తను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఉన్నది ఈ ఆగడమేనని మందాకిని నమ్మకం.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు కదర్రా," అనేది విద్యార్థులతో. "మనం ముందే పెట్టేస్తే వీళ్ళు అడగడం ఎప్పుడు నేర్చుకుంటారు?"

ఆ మాట ఆమెకి పుస్తకాల్లో దొరకలేదు, కూతురు నేర్పింది. తరళకి పుట్టుక నుంచీ మాట లేదు. కానీ నాలుగు సైగలుండేవి, ఒక్కొక్కటీ ఏడాది పొడుగునా కూర్చుని సంపాదించుకున్నది. దాహమేస్తే కింది పెదవి మీద వేలు పెట్టుకునేది. ఉయ్యాల ఊగాలనిపిస్తే చెవి తమ్మె పట్టుకుని లాక్కునేది, ఆ రెంటికీ సంబంధమేమిటో దానికే తెలియాలి. చాలనుకుంటే అరచెయ్యి అటు తిప్పేసేది. నాలుగోది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఒంట్లో ఎక్కడైనా నొప్పిగా ఉంటే అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సరిగ్గా అక్కడ పెట్టేది. మొదటిసారి పంటినొప్పికి అలా చేసినరోజు మందాకిని కూతురి బుగ్గ మీంచి చెయ్యి తియ్యకుండా ఏడుస్తూ నవ్వుతూ కూర్చుండిపోయింది.

"పిల్లకి పన్ను సలిపితే పండగ చేసుకునే తల్లిని నిన్నే చూశాను," అన్నాడు భర్త కామేశం. రేవు ఆఫీసులో పనిచేసే మనిషి, ఎకసెక్కాలకి లోటు లేదు.

ఆ పండగ ఎంత గొప్పదో అతనికీ తెలుసు. కానీ తరళ అతని చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు.

*

భార్గవ ఎలక్ట్రానిక్స్ విభాగంలో కొత్తగా చేరిన లెక్చరరు. మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పెయ్యడం న్యాయం, ఎందుకంటే కథలో చెడ్డవాడెవరా అని వెతికేవాళ్ళు ముందు అతన్నే పట్టుకుంటారు.

ఒకరోజు నుదుటికి కట్టుకునే గుడ్డపట్టీ ఒకటి, చెవిలో పెట్టుకునే గింజంత పరికరం ఒకటి పట్టుకుని ఆమె గదికి వచ్చాడు.

"ఈ పట్టీ మెదడులో లేచే అలజడిని పట్టుకుంటుంది మేడమ్. దాన్నిబట్టి పిల్లకి ఏం కావాలో టీచరు చెవిలో చెప్పగలదు. కాకపోతే ఏ అలజడికి ఏ మాటో దానికి రాదు కదండీ, ఎవరో ఒకరు నేర్పాలి. మాట రాని పిల్ల మనసు కచ్చితంగా తెలిసిన మనిషి కావాలి నాకు."

అలాంటి మనిషి ఆ ఊళ్ళో మందాకిని ఒక్కతే.

తరళ నుదుటికి పట్టీ కట్టారు. పిల్ల పెదవి మీద వేలు పెట్టినప్పుడల్లా మందాకిని "దాహం" అని చెప్పేది, పట్టీ నేర్చుకునేది. చెవి లాక్కుంటే "ఉయ్యాల" అనేది. కాలు బెణికినప్పుడు, జ్వరంతో తల పగిలిపోతున్నప్పుడు తరళ అమ్మ చెయ్యి అందుకుంటే "నొప్పి" అని చెప్పింది. తల్లీకూతుళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా ఒక వర్షాకాలంలో యంత్రానికి ముట్టింది. దానికి ఎరుక అని పేరు పెట్టింది కూడా మందాకినే.

ఒక మధ్యాహ్నం అభ్యాసం గదిలో విద్యార్థులంతా చూస్తుండగా ఆమె చెవిలో ఒక ఆడగొంతు మెల్లగా పలికింది: "దాహం." తరళ వేలు అప్పుడే ఒళ్ళోంచి లేస్తోంది. మందాకిని గ్లాసు అందించింది. తరళ గ్లాసుకేసి చూసింది, అమ్మకేసి చూసింది. సగం లేచిన వేలు మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. ఆ వేలినెవరూ పట్టించుకోలేదు, అందరూ చప్పట్లు కొట్టడంలో ఉన్నారు.

తర్వాత భార్గవ దానికి సంతోషం, భయం లాంటి మాటలు కూడా కలిపాడు. అవి కలిపిన సాయంత్రం పట్టీని ఇంటికి తెచ్చారు. కామేశం సరదాకి చెవిలో గింజ పెట్టుకుని, "నేను బయటికెళ్ళి వస్తానుండండి," అని వీధి చివరిదాకా వెళ్ళాడు. తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పబోతూ అలాగే నిలబడిపోయాడు.

"ఏవైందండీ?"

"సంతోషం అంటోందే," అన్నాడు. "నన్ను చూస్తే దీనికి సంతోషమంట మందా! ఇన్నేళ్ళూ నేనొచ్చినా గోడొచ్చినా దానికి ఒకటే అనుకున్నాను."

గుమ్మంలోనే కూలబడి తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాడు. అంత ఏడుపు తర్వాత ఆ పట్టీని తీసి పక్కన పెట్టండని చెప్పడానికి ఏ ఆడదానికి నోరొస్తుంది? పైగా మందాకిని కూడా అలిసిపోయి ఉంది. కాలేజీలో ఆగి, ఇంటికొచ్చి మళ్ళీ ఆగి, ఒక్కపూటైనా ఆగకుండా బతికితే బాగుండునని ఆమెకి లోలోపల ఉండేది. మనిషే కదా.

*

ఎరుకని చూడటానికి పై అధికారులొచ్చారు. అప్పట్లో దానికి 'తెలియదు' అనే మాట కూడా వచ్చు. అలజడి ఏ మాటకీ సరిపోకపోతే ఆ మాటే చెప్పేది. కొత్త మనుషుల మధ్య తరళ బెదిరిపోయిందేమో, పెద్దల ముందు అది మాటిమాటికీ తెలియదు, తెలియదు అంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "తెలియదని చెప్పడానికి ఇంత యంత్రమెందుకయ్యా, ఆ ముక్క మేమూ చెప్తాం," అని ఒకాయన నవ్వాడు.

భార్గవ మొహం పాలిపోయింది. టీ తాగే వేళకి మందాకిని అతన్ని పక్కకి పిలిచింది.

"ఆ మాట తీసెయ్యి భార్గవా. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న మాట చెప్పనీ. మేం పక్కనే ఉంటాంగా, తప్పు చెప్తే మాకు తెలీదూ?"

టీచరవ్వాలనుకునేవాళ్ళు ముందు 'నాకు తెలియదు' అనడం నేర్చుకోవాలని ఏటా బల్ల గుద్ది చెప్పే మనిషే ఆ సలహా ఇచ్చింది. 'మేం' అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది తను, తనలాంటివాళ్ళు. ముందు ముందు వచ్చేవాళ్ళకి పిల్లలు ఎరుక ద్వారానే పరిచయమవుతారనీ, తప్పు పట్టడానికి వాళ్ళకి వేరే ఆధారమేదీ ఉండదనీ ఆమెకి తట్టలేదు.

మరుసటి ఏటి నుంచి శిక్షణంతా ఎరుకతోనే. చేతులు తొడల కింద పెట్టుకోవడం పాతవాళ్ళు చెప్పుకునే జోకైపోయింది. ఆ బ్యాచిలో సుదేష్ణ అని చలాకీ పిల్ల ఉండేది. పిల్లలంటే ప్రాణం పెట్టేది. పాతవాళ్ళకి ఏడాది పట్టిన చనువు ఆమెకి వారంలో వచ్చేసింది. గదిలో తల బాదుకునే పిల్లలు బాదుకోవడం మానేశారు, కొరికేవాళ్ళు కొరకడం మానేశారు. తల్లులు వచ్చి సుదేష్ణ చేతులు కళ్ళకద్దుకుంటుంటే ఇందులో తప్పేముందని ఎవరనగలరు?

గది మాత్రం చాలా నిశ్శబ్దమైపోయింది. మునుపు అక్కడ కేకలు, మూలుగులు, బల్లలు చరచడాలు ఉండేవి. అవన్నీ అడగడాలేనని ఒకప్పుడు మందాకిని చెప్పేది. ఇప్పుడు చెప్పడం మానేసింది.

ఇంట్లో ఒక ఆదివారం పట్టీ ఉతికి ఆరేసి ఉంది. తరళ వచ్చి మంచినీళ్ళ బిందె పక్కన నిలబడింది. కూర తరుగుతున్న మందాకిని కత్తిపీట వదిలేసి, పాత అలవాటు కొద్దీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్ల ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటోంది. వేలు లేవలేదు. బిందెకేసి చూడలేదు, అమ్మకేసీ చూడలేదు. కాసేపటికి నిలబడ్డచోటే చతికిలబడి గోడకి తల ఆనించుకుంది.

చేతులు వాటంతటవే విడిపోయి గ్లాసు ముంచాయి. తరళ గటగటా తాగేసింది.

"ఇవాళ అదోలా ఉందండీ," అంది భర్తతో. "పెదవి మీద వేలు పెట్టలేదు."

"పట్టీ ఆరిపోతుందిలేవే సాయంత్రానికి," అన్నాడు కామేశం.

సాయంత్రం దాకా ఆగలేక, తడి ఇంకా ఆరకముందే కట్టేసింది. "సంతోషం," అంది చెవిలో గొంతు. ఆ మాట వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. దిగులు ఏదో పిచ్చి దిగులనుకుని పక్కకి తోసేసింది.

*

తరళ పెద్దమనిషైన ఏడాది అది. ఆ రోజు మందాకిని పక్క జిల్లా కాలేజీలో ఎరుక గురించి పాఠం చెప్పడానికి వెళ్ళింది. తరళని సుదేష్ణ చూసుకుంటోంది.

"దాహం," అంది చెవిలో గొంతు. సుదేష్ణ నీళ్ళిచ్చింది. తరళ రెండు గుక్కలు తాగి కక్కేసింది. మూతి తుడిచి ఒళ్ళో పడుకోబెట్టుకుంది సుదేష్ణ. "ఉయ్యాల," అంది గొంతు. తీసుకెళ్ళి ఉయ్యాల్లో కూర్చోబెట్టింది. ఊగుతున్నంతసేపూ తరళ రెండు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని ఉంది. అదేదో కొత్త ఆట అనుకుంది సుదేష్ణ, మెల్లగా ఊపింది, పాట కూడా పాడింది.

సాయంత్రం మందాకిని వచ్చాక ఆమె చెవిలోనూ అదే గొంతు, అదే మాట: దాహం. మజ్జిగ కలిపి తాగించింది. పిల్ల నీరసంగా ఉంటే ఎండదెబ్బనుకుంది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పొట్ట చెక్కలా బిగిసిపోయింది. ఆసుపత్రికి పరుగెత్తారు. లోపల అపెండిక్స్ చిట్లిపోయి చీము పొట్టంతా పాకిందన్నారు. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు.

"నిన్నంతా విపరీతమైన నొప్పి ఉండుంటుందమ్మా," అన్నాడు సర్జన్, చేతులు తుడుచుకుంటూ. "పాప చెప్పలేదా?"

"మాట రాదండి."

"మాట రాకపోయినా చెయ్యి పెట్టి చూపిస్తారు కదమ్మా పిల్లలు. పసివాళ్ళు కూడా చూపిస్తారు."

కామేశం ఆమె చెవిలోంచి గింజ తీసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"నొప్పి అనే మాట దీనికి నేర్పలేదా మందా?"

"నేర్పానండీ. అన్నిటికన్నా శ్రద్ధగా నేర్పిందే అది."

భార్గవ పరుగున వచ్చాడు. పట్టీ తీసుకెళ్ళి అందులోని రాతలన్నీ తిరగేసి, మర్నాడు మళ్ళీ వచ్చి వరండాలో ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఈడొచ్చేటప్పుడు మెదడు మారిపోతుంది మేడమ్. ఆ అలజడి తీరే వేరైపోతుంది. ఎరుకకి తెలిసింది చిన్నప్పటి తరళ. ఈ తరళ ఎవరో దానికి తెలీదు. కొన్ని నెలలుగా అది చెప్పేవన్నీ ఊహలేనండీ."

"తెలీదని చెప్పొచ్చుగా మరి?" అంది మందాకిని.

అన్నాక ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకోలేకపోయారు. నర్సు మందుల బండి తోసుకుంటూ వాళ్ళ ముందునుంచి వెళ్ళింది.

"మళ్ళీ నేర్పుదాం మేడమ్," అన్నాడు భార్గవ, బతిమాలుతున్నట్టు. "మొదట్లో చేసినట్టే. అమ్మాయి సైగ చేసినప్పుడల్లా మీరు మాట చెప్తే, కొత్తగా మళ్ళీ..."

"ఏ సైగలు భార్గవా?"

అర్థమయ్యాక తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

*

తరళ బతికింది. పేగులు అతుక్కునే ప్రమాదం ఉందనీ, మళ్ళీ నొప్పొస్తే ఆలస్యం చెయ్యకుండా, నొప్పి ఎక్కడో చూసుకుని తీసుకురమ్మనీ చెప్పి పంపారు.

విభాగానికి వెళ్ళగానే పట్టీలన్నీ తీయించి బీరువాలో పెట్టించింది. బిస్కెట్ల డబ్బాలు దుమ్ము దులిపి తెప్పించింది. "చేతులు కింద," అంది. అమ్మాయిలు మొహమొహాలు చూసుకుని చేతులు తొడల కింద పెట్టుకున్నారు. ఎదురుగా పిల్లలు. మధ్యలో డబ్బాలు. ఒక్క పిల్లాడు డబ్బా ముట్టుకోలేదు. ఒక్క పిల్ల మూలగలేదు. మర్యాదగా, బుద్ధిగా, తమకేం కావాలో వేరేవాళ్ళు చూసుకుంటారన్న ధీమాతో కూర్చున్నారు.

"ఎంతసేపు మేడమ్?" అంది సుదేష్ణ. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ అమ్మాయి కళ్ళు ఎప్పుడూ ఉబ్బే ఉంటున్నాయి.

"అడిగేదాకా."

"అడక్కపోతే?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, ఎందుకంటే ఎప్పటికో ఒకప్పటికి పిల్లలు అడిగేవారు. మధ్యాహ్నానికి ఒక పిల్లాడి తల్లి వచ్చి డబ్బా మూత తనే ఊడబెరికింది.

"ఏంటండీ ఇది, పసిపిల్లల్ని కడుపు మాడ్చి కూర్చోబెడతారా? మీ పాపకి ఏదో అయిందని మా పిల్లల పట్టీలు పీకేస్తారా? మావాడు నాలుగేళ్ళకి నన్ను చూసి సంతోషపడుతున్నాడని తెలిసిందండీ నాకు. అది తీసేస్తే నేనేం చూసుకుని బతకాలి?"

గుమ్మంలో తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చిన కామేశం మందాకిని కళ్ళ ముందు మెదిలాడు. ఆ తల్లికి ఏం చెప్పగలదు? మీవాడికీ ఈడొస్తుందమ్మా అని చెప్పింది. ఆవిడ వినలేదు. వినే తల్లి ఎవరు? తల్లిదండ్రులంతా వెళ్ళి పైవాళ్ళకి మొరపెట్టుకున్నారు. వారం తిరక్కుండా బీరువా తెరిచి పట్టీలు పంచేశారు. 'తెలియదు' అనే మాటైనా తిరిగి పెట్టమని మందాకిని పోరింది. పరిశీలిస్తామన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది, ఆ ఆకులు కూడా దొరకలేదు.

ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. తరళ పట్టీ అలమారలో పైన పడేసి ఉంది. రోజూ బిందె పక్కన, ఉయ్యాల పక్కన, కంచం ముందు చేతులు కట్టుకుని ఆగింది. పిల్ల ఎండిపోతుందేగాని అడగదు. చివరికి తల్లే ఓడిపోయి పెట్టేది. కామేశం చూడలేక రేవు వైపు వెళ్ళిపోయేవాడు.

ఒక సాయంత్రం తరళ చాప మీద ముడుచుకుపోయింది. నుదుటిన చెమట. పళ్ళు గిట్టకరుచుకుని ఉంది. కామేశం ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు. మందాకిని కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది.

"నా చెయ్యి తీసుకో తల్లీ. ఎక్కడో అక్కడ పెట్టు. ఇదివరకు పెట్టేదానివి కదూ, పన్ను నొప్పికి పెట్టావు, కాలు నొప్పికి పెట్టావు. ఒక్కసారి పెట్టమ్మా."

తరళ ఆ చేతికేసి చూసింది. మెల్లగా లేచింది. నడుం వంగిపోయి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ అవతలి గదిలోకి వెళ్ళింది. ఏదో కిందపడిన చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు దాని నుదుటి మీద పట్టీ ఉంది, తనే కట్టుకుంది, వంకరగా, ఒక కన్ను సగం మూసుకుపోయేలా. ఛార్జింగ్ పెట్టక ఎన్నాళ్ళ నుంచో ప్రాణం లేని పట్టీ.

వచ్చి అమ్మకి ఎదురుగా కూర్చుంది. కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పట్టీ రాకముందు ఏళ్ళ తరబడి తన ఎదురుగా కూర్చున్న టీచరమ్మలందరూ అలాగే కూర్చోవడం చూసిన పిల్ల అది. బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. చూపు మాత్రం అమ్మ మొహం మీంచి తిప్పలేదు. అమ్మకి తెలిసేదాకా ఆగుతోంది, ఓపిగ్గా.

మందాకిని తన చేతిని పిల్ల పొట్ట మీద ఒక పక్క పెట్టి నొక్కింది. "ఇక్కడా తల్లీ?" మొహం మారలేదు. ఇంకో పక్క పెట్టింది. "ఇక్కడా?" ఛాతీ మీద పెట్టింది. నడుం మీద పెట్టింది. వీధిలో ఆటో ఆగిన చప్పుడు, కామేశం కేక వినిపించాయి.

"ఇక్కడా అమ్మా? చెప్పు తల్లీ, ఇక్కడా?" అని ఆమె అడుగుతూనే ఉంది.